కుండీలలోని మొక్కలు: వాని రోగములు, చికిత్స

గత సంవత్సరము వేసవి సెలవుల తరువాత పాఠశాల తెరచిన కొలది దినములకు మా విద్యార్థిని యొకతె చిన్న మనీప్లాంటు కుండీని రెండు చేతులతో పట్టుకొని వచ్చి మా బల్లమీద నుంచినది. ఆకులన్నియు పసుపువన్నెకు తిరిగి వ్రేలాడుచుండెను. "దీనికేమి చేసితివమ్మా?" అని యడుగగా, "మొదట దినమున కొకసారి నీళ్లు పోసితినండి. ఆకులు పండుచున్నవని రెండుసార్లు పోసితిని. ఇంకను పండినందున మూడుసార్లు పోసితినండి" అని కన్నీటితో చెప్పినది. మేము కుండీని బోరగించి మొక్కను మంటితో సహా వెలికి దీసి చూచితిమి. వేళ్లు నల్లబడి, మెత్తబడి, దుర్గంధము కొట్టుచుండెను. ఆ మొక్క దాహముచేత చావలేదు. నీటిలో మునిగి చచ్చినది.

ఆ బాలికయందు ప్రేమకు లోపము లేదు, శ్రద్ధకు లోపము లేదు. లోపించినది పరీక్ష యొక్కటే. రోగమేదో తెలియకుండ మందిచ్చుట యెంత ప్రమాదమో, కారణమెరుగక మొక్కకు నీరో యెరువో వేయుటయు నంతే ప్రమాదము. కావున మన యిండ్లలోని కుండీ మొక్కలకు సాధారణముగ వచ్చు కష్టములను, వానిని గుర్తించు విధమును, తొలగించు నుపాయములను ఈ సంచికలో వ్రాయుచున్నాము.

మన పేటలో కుండీల యవసరము

1973 మొదలు 1978 వరకు ఆంధ్రప్రదేశమునకు ముఖ్యమంత్రిగా నుండిన జలగం వెంగళరావు గారి పేరు గల మన వెంగళరావు నగరమున నేడు పెరడు గల యిల్లు అరుదు. ఒక యింటి స్థలమున నాలుగైదంతస్తులు లేచినవి. మందార, తులసి, మల్లె, నందివర్ధనములు నేలను విడిచి మెట్లమీదికిని, బాల్కనీలలోనికిని, డాబాలమీదికిని ఎక్కినవి. ఇట్టి పేటలలో పిల్లలు మొక్కతో చెలిమి చేయుటకు కుండీ తప్ప వేరు దారి లేదు.

నేలలోని మొక్క స్వతంత్రము కలది. దాహమైనచో వేరును లోతునకు పంపును. ఒకచోట ఆహారము లేనిచో మరియొక చోట వెదకుకొనును. కుండీలోని మొక్కకు ఆ స్వాతంత్ర్యము లేదు. దాని లోకమంతయు రెండు దోసిళ్ల మన్ను. దానికి నీరు, వెలుతురు, ఆహారము అన్నియు మన చేతిలోనే యున్నవి. కుండీ మొక్క వాడినప్పుడు మొదట పరీక్షించవలసినది మన చేతలనే.

నీరు

కుండీ మొక్కల మరణములకు అతి సాధారణమైన కారణము నీరెక్కువగుట. ఇది వినుటకు వింతగా నుండును గాని, వేరు కూడ ఊపిరి పీల్చునని జ్ఞాపకముంచుకొన్నచో వింత కాదు. మంటి రేణువుల నడుమ సందులుండును. ఆ సందులలో కొంత నీరు, కొంత గాలి యుండవలెను. ఎడతెగక నీరు పోసినచో సందులన్నియు నిండి గాలి వెడలిపోవును. ప్రాణవాయువు గాలిలో వ్యాపించు వేగముకంటె నీటిలో వ్యాపించు వేగము సుమారు పదివేల రెట్లు తక్కువ. అందుచేత వేళ్లు ఊపిరాడక చచ్చును. చచ్చిన వేళ్లను శిలీంధ్రములు కుళ్లబెట్టును. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు గనుక, చుట్టు నీరుండగనే ఆకులు దాహము గొన్నట్లు వ్రేలాడును. చూచినవారు దాహమనుకొని మరల నీరు పోయుదురు. మన బాలిక మోసపోయిన దిచ్చటనే.

కావున ఆకు వాడగనే చెంబు నెత్తుకొనక, మొదట వ్రేలిని మంటిలోనికి రెండంగుళములు దూర్చి చూడవలెను. లోపల పొడిగా నున్నచో దాహము. తడిగా నున్నచో వేరు రోగము. పొడిగా నున్నప్పుడు నీరు అడుగు చిల్లనుండి వెలికి వచ్చువరకు నిండుగ పోసి, మరల పైమన్ను ఆరువరకు పోయక యుండుట మేలు. దినదినమును నాలుగు చుక్కలు చల్లుట మేలుకాదు. పైమన్ను తడిసి అడుగు వేరు ఎండిపోవును. కలబంద, బ్రహ్మజెముడు వంటి దళసరి మొక్కలకు మన్ను పూర్తిగ ఆరిన పిమ్మటనే నీరు పోయవలెను.

మొక్క యెంత నీరు త్రాగునో తూచి చూచిన మొదటివారిలో నొకరు స్టీఫెన్ హేల్సు అను క్రైస్తవ గురువు. ఆయన లండను దగ్గరనున్న టెడింగ్టను గ్రామ సంఘమునకు కాపరి. ఆయన మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్క గల కుండీని సీసపు రేకుతో కప్పి, మంటినుండి ఆవిరి పోకుండ కట్టుదిట్టము చేసి, ఉదయ సాయంకాలములు త్రాసులో తూచెను. పగటి పండ్రెండు గంటలలో ఆ మొక్క సగటున ఒక పౌను నాలుగు ఔన్సులు, అనగా మన లెక్కలో సుమారు 570 గ్రాముల నీటిని ఆకులద్వారా విడుచుచుండెనని కనుగొని, 1727 లో ప్రచురించిన తన గ్రంథమున వ్రాసెను. వెచ్చని పొడి రాత్రులలో ఆ తూకము మిక్కిలి తగ్గెను. మంచు కురిసిన రాత్రి ఏమియు తగ్గలేదు.

దీనినుండి మనము నేర్చుకొనవలసిన దేమనగా, మొక్కకు నీరు పోయవలసిన కాలమును నిర్ణయించునది గడియారము కాదు, ఎండయు గాలియు. మన నగరమున మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటి వడగాలి వీచునప్పుడు డాబామీది మందారకు దినమునకు రెండుసార్లు నీరు కావలసిరావచ్చును. అదే మొక్కకు ఆగస్టు ముసురులో నాలుగు దినములకైనను అక్కరలేకపోవచ్చును. విద్యార్థులకు త్రాసు లేకున్నను చేతులున్నవి. నీరు పోసిన వెంటనే కుండీని ఒకసారి యెత్తి బరువు తెలిసికొనుడు. మరునాడు మరల నెత్తుడు. వారము దినములలో మీ చేయియే త్రాసగును.

కుండీయు మన్నును

కాల్చిన మట్టి కుండీ గోడలద్వారా తేమ బయటికి పోవును; ప్లాస్టికు కుండీ గోడలద్వారా పోదు. అందుచేత రెండింటికిని ఒకే కొలత నీరు పోసినచో ఒకదానిలోని మొక్క యెండును, మరియొకదానిలోనిది కుళ్లును. ఏ కుండీకైనను అడుగున చిల్ల తప్పక యుండవలెను. అందమునకై చిల్లలేని పింగాణి పాత్రలలో మొక్కను నాటుట దానిని బావిలో నుంచుటయే.

కుండీ యడుగున గులకరాళ్లు పరచినచో నీరు చక్కగ దిగునని పెద్దలు చెప్పుదురు. ఇది పొరపాటు. సన్నని రంధ్రములు గల మంటినుండి పెద్ద సందులు గల రాళ్లలోనికి, మన్ను నిండుగ తడిసిన పిమ్మటనే గాని, నీరు దిగదు. కాబట్టి రాళ్లు వేయుటచే తడిమన్ను మరింత పైకి, వేళ్ల దగ్గరకే, వచ్చును. దీనిని తరగతిలోనే చూడవచ్చును. స్పాంజి ముక్కను నీటిలో ముంచి అరచేతిమీద పడుకొనబెట్టి, నీరు కారుట ఆగువరకు ఊరకుండుడు. తరువాత దానిని నిలువుగ పట్టుకొనుడు. మరల నీరు కారును. ఎత్తు తక్కువైనచో నీరు నిలుచును, ఎత్తెక్కువైనచో దిగునన్నమాట. చిల్లమీద మన్ను జారకుండ ఒక పెంకు ముక్క చాలును. మిగిలిన చోటంతయు మంటికే విడువవలెను.

రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు బాగుగ చివికిన పశువుల యెరువు లేక వానపాముల యెరువు, ఒక పాలు ముతక ఇసుక కలిపినచో మన యిండ్లలోని అనేక మొక్కలకు సరిపోవును. పచ్చి పేడ వేయరాదు. అది మ్రగ్గునప్పుడు పుట్టు వేడిమి వేళ్లను మాడ్చును.

ఇచ్చట మరియొక సంగతి చెప్పవలసి యున్నది. మన నగరమున బండ్లమీద వచ్చి అమ్ముడుపోవు గులాబి, మందార, క్రోటను మొక్కలలో అనేకము గోదావరి తీరముననున్న కడియము, కడియపులంక నర్సరీలనుండి వచ్చును. దూర ప్రయాణమున వేరు చెదరకుండ వాని మొదట జిగట ఒండ్రుమన్ను ముద్దగ నుంచెదరు. దానిని అట్లే మన వదులైన ఎర్రమంటిలో నాటినచో, నీరు ఆ ముద్ద ప్రక్కనుండి జారిపోవును. పైమన్ను తడిసినను లోపలి ముద్ద రాయివలె ఎండియుండును. కొన్న నెలకే గులాబి యెండినదని చింతించు తల్లులు ఒకసారి ఆ ముద్దను పగులగొట్టి చూచినచో కారణము తెలియును. అట్టి ముద్దను బుడగలు వచ్చుట నిలుచువరకు నీటిబకెట్టులో ముంచి, పైపొరను వ్రేళ్లతో మెల్లగ సడలించి, అటుపిమ్మట నాటవలెను.

ఆకు చెప్పు మాట

ఆకు పసుపైనదని చెప్పిన చాలదు; ఏ ఆకు, ఎట్లు పసుపైనదో చూడవలెను.

క్రిందిభాగమున నొక ముదురాకు పండి రాలుట సహజము. దానికి చికిత్స లేదు, చింతయు వలదు. క్రిందియాకులు పెక్కులు వరుసగ పాలిపోయి, మొక్క యెదుగుదల నిలిచినచో, నత్రజని చాలలేదని గ్రహించి చివికిన యెరువు వేయవలెను. పైనున్న లేతయాకులు పసుపై, ఈనెలు మాత్రము పచ్చగ నున్నచో, అది యినుము లోపము. నూరువరహాలు, మందార, గులాబి మొక్కలలో దీనిని తరచుగ చూచుచున్నాము. దీనికి ముఖ్యకారణము మన బోరునీటిలోని సున్నము. ఆ నీటిని నిత్యము పోయగా మన్ను క్షారగుణము పొందును. మంటిలో ఇనుమున్నను వేరు దానిని పీల్చలేదు. వెలుగులో ఉంచిన ఎర్ర కుండీలమీద తెల్లని పొరగట్టుట ఈ లవణముల గురుతే.

దీనికి చౌకయైన మందు ఆకాశమునుండి వచ్చును. మన నగరమున ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడును. అందులో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు లోపలనే కురియును. ఆ నాలుగు నెలలు డాబానీటిని మూతగల డ్రమ్ములో పట్టి యుంచి కుండీలకు పోయుడు. ఎండాకాలమున లవణము పేరుకొన్న కుండీని మోరీ దగ్గర నుంచి, అడుగునుండి ధారాళముగ కారునట్లు దానికి మూడురెట్ల నీటిని మెల్లగ పోసినచో ఉప్పులు కడుగుకొనిపోవును. అప్పటికిని ఆకు తిరుగనిచో నర్సరీలలో దొరకు చిలేటెడ్ ఇనుమును పొట్లముపై వ్రాసిన కొలతకు మించక వాడవలెను. కోడిగ్రుడ్డు పెంకులు వేయు అలవాటు కొందరికి కలదు. మన నీటిలో సున్నము ఇదివరకే అధికముగ నున్నది గనుక దానివలన ఈ లోపము తీరదు.

ఆకు కొనలు గోధుమవన్నెగ మాడినచో లవణమో, పొడిగాలియో, ఎరువెక్కువగుటయో కారణము. కాడలు పొడవుగ సాగి, ఆకులు చిన్నవై, కిటికీవైపు మెడ చాచినచో వెలుతురు చాలలేదు. మన కన్ను చీకటికి త్వరగ అలవాటు పడును గనుక గది వెలుతురుగ నున్నదని భ్రమపడుదుము. నిజమునకు కిటికీకి దూరమైన మూలలో బయటి వెలుగులో పదవవంతైనను ఉండదు. మనీప్లాంటు, చాగనార వంటివి దానిని కొంత సహించును. తులసి, గులాబి, మందార సహింపవు. తులసిని హాలులో అలంకారమునకుంచి యెండిపోయినదని వగచుట న్యాయము కాదు. నీడకు అలవాటుపడిన మొక్కను ఒక్కసారిగా మే నెల యెండలో పెట్టుటయు తప్పే; ఆకులు తెల్లగ మాడిపోవును. వారము పదిదినములలో కొంచెము కొంచెముగ వెలుగునకు మార్చవలెను.

పురుగులు

మందార చిగుళ్లమీదను, క్రోటను ఆకు కంకులలోను తెల్లని దూదివలె కనబడునది బూజు కాదు, పిండినల్లి. ఇది రసము పీల్చి తీపి జిగురును విడుచును. ఆ జిగురునకై చీమలు వచ్చి దీనిని కాపాడును. కుండీమీద చీమల బారు కనబడినచో ఆకుల క్రిందివైపు తిప్పి చూడవలెను. కొలదిగ నున్నప్పుడు స్పిరిటులో ముంచిన దూదితో తుడిచినచో చాలును. ఎక్కువైనచో లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెయు, అది నీటిలో కలియుటకు కొలది సబ్బు ద్రవమును చేర్చి, సాయంకాలము ఆకుల రెండు ప్రక్కల చల్లవలెను. గ్రుడ్లు ఒక్కసారికి చావవు గనుక వారమున కొకసారి చొప్పున మూడు వారములు చల్లుట యవసరము. లేతచిగుళ్లమీద గుంపులుగ చేరు పేనుబంకకును ఇదియే మందు.

ఏప్రిలు, మే నెలలలో ఆకులు దుమ్ము పట్టినట్లు వెలవెలబోయి, క్రింద సన్నని సాలెగూడు కనబడినచో ఎర్రనల్లి యని తెలియవలెను. పొడిగాలియందే ఇది వృద్ధిపొందును. రెండుమూడు దినముల కొకసారి ఆకుల క్రిందివైపు నీటిధారతో గట్టిగ కడిగినచో చాలవరకు పోవును.

క్రొత్తగ కొన్న మొక్కను రెండు వారములు వేరుగ నుంచి, పురుగు లేదని చూచిన పిమ్మటనే తక్కినవానితో చేర్చుట అన్నిటికంటె మంచి మందు.

తల్లిదండ్రులకు మనవి

కుండీ క్రింద పెట్టు పళ్లెములో నిలిచిన నీరు మొక్కకే గాక మనుష్యులకును హాని. డెంగీ, చికున్‌గున్యా జ్వరములను వ్యాపింపజేయు ఏడిస్ దోమ ఇట్టి నీటి అంచుననే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి రెక్కల దోమ యగుటకు సుమారు ఏడు మొదలు పది దినములు పట్టును. నీరు పారబోసిన మాత్రమున చాలదు. గోడకంటిన గ్రుడ్లు నెలలకొలది ఎండియుండి, మరల నీరు తగిలినప్పుడు పగులును. కాబట్టి వారమున కొకసారి పళ్లెమును బోర్లించి, పీచుతో రుద్ది కడుగవలెను. సీసాలలో పెంచు మనీప్లాంటు నీటిని కూడ అట్లే మార్చవలెను. 2020 లో తెలంగాణ పురపాలక శాఖవారు ప్రతి ఆదివారము ఉదయము 10 గంటలకు 10 నిమిషములు ఇండ్లలోని నిలువనీటిని తొలగింపుడని ప్రజలను కోరిరి. ఆ వేళకు దేవాలయమున నుండు కుటుంబములవారు శనివారము సాయంకాలమే ఈ పని ముగించుకొనవచ్చును.

ప్రాకులాడు పసిబిడ్డలున్న యింటిలో గన్నేరును, డైఫెన్‌బేకియాను చేతికందు చోట నుంచరాదు. గన్నేరు సర్వాంగములును విషము. రెండవదాని కాడ నమిలినచో నోరు, నాలుక వాచును.

సెలవులలో ఊరికి పోవునప్పుడు కుండీలన్నిటిని నీడలో నొకచోట చేర్చి, ఎత్తుమీద నీటిబకెట్టు నుంచి, దానిలోనుండి ఒక్కొక్క కుండీ మంటిలోనికి నూలువత్తి నొకదానిని దింపినచో, వత్తివెంట నీరు మెల్లగ వచ్చి కొన్ని దినములు మొక్కను కాపాడును. ముందుగ ఇంటియందున్నప్పుడే రెండు దినములు పరీక్షించి, బకెట్టు నీరు ఎంతకాలము వచ్చునో చూచుకొనవలెను.

ముగింపు

లూకా సువార్తలో ఫలింపని అంజూరపు చెట్టు కథ నెల్లరు నెరుగుదురు. యజమానుడు నరికివేయుమనగా, తోటమాలి ఇంకొక సంవత్సరము గడువడిగి, దాని చుట్టు త్రవ్వి యెరువు వేసెదననెను. అతడు కొమ్మను నిందింపలేదు. మొదట మొదలు త్రవ్వి చూడదలచెను. తోటమాలి కుండవలసిన గుణమదియే. వాడినదానిని పారవేయుటకు ముందును, మందు పోయుటకు ముందును, వేరు దగ్గరకు వంగి చూచు ఓర్పు కావలెను.

మా విద్యార్థిని తెచ్చిన మనీప్లాంటులో కుళ్లని తీగముక్క యొకటి మిగిలి యుండెను. రెండు కణుపులతో దానిని కోసి నీటిసీసాలో నుంచితిమి. మూడు వారములలో తెల్లని వేళ్లు పుట్టినవి. నేడది తరగతి కిటికీలో చిల్లగల మట్టి కుండీలో పెరుగుచున్నది. ఆ బాలిక ఇప్పుడు ప్రతియుదయము వచ్చి ముందుగ కుండీని రెండు చేతులతో నెత్తి చూచును. బరువుగ నున్నచో నీరు పోయక నవ్వుచు తన చోటికి పోవును.